రొట్టెల కల్లు

"రేపట్నించి ఈస్టు వాడదామనుకుంటున్నాను ఎర్రయ్యా," అన్నారు బేకరీ త్రిమూర్తులుగారు.

ఎర్రయ్యకు అది ఈతకల్లని వినపడింది. భుజం మీది కల్లు లొట్టి దింపబోతున్నవాడల్లా ఆగిపోయాడు.

"ఈతకల్లు మన రొట్టికి నప్పదండి. తాటికల్లు నేను తెత్తున్నాను కదండీ," అన్నాడు. ఎవడో పక్క ఊరి కల్లుగీతగాడు తన చోటుకి ఎసరు పెట్టాడనుకున్నాడు.

కొత్తపేటలో ఆ బేకరీ పెట్టిన నాటినుంచి ఈ పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది వేసవి దాకా, పొంగడానికి పిండిలో కలిసింది అతను గీసిన కల్లే. వయసు అరవై దాటింది. చెట్టెక్కే మోకు ఒరుసుకుని నడుం చుట్టూ చర్మం కాయలు కాసింది. చెట్టు దిగాక మోకాళ్ళు చాలాసేపు వణుకుతాయి. తాగేవాళ్ళు మందు సీసాలకు మరిగాక మిగతా చెట్లన్నీ వదిలేసి, రొట్టెల కోసం కాలవగట్టు మీది ఒక్క తాటిచెట్టే ఎక్కుతున్నాడు. భార్య బుచ్చమ్మ "ఇంక దిగిపో మావా" అంటే, "నేను దిగితే కొత్తపేటలో రొట్టి లెగదే" అనేవాడు.

త్రిమూర్తులుగారి కూతురు సౌజన్య డిగ్రీ చదువుతోంది. డబ్బాలోంచి గోధుమరంగు పలుకులు గోరువెచ్చటి నీళ్ళలో వేసి చూపించింది.

"ఈత కాదు తాతా, ఈస్టు. ఇంగ్లీషులో ఈస్టీ అంటే నురగనురగగా ఉండేదని. ఆ మాట పుట్టిందే మరగడం, నురగ కట్టడం అనే పాత మాటలోంచట."

గ్లాసులో నురగ మెల్లగా పైకి లేచింది. ఎర్రయ్య వంగి వాసన చూశాడు.

"ఇదీ కల్లేనమ్మా. చెట్టెక్కక్కర్లేని కల్లు."

"ఈ వయసులో నువ్వు పడితే ఆ పాపం నాకెందుకయ్యా," అన్నారు త్రిమూర్తులుగారు, అతని మొహం చూడకుండా.

"ఆయ్," అని తలూపాడు ఎర్రయ్య.

ఇంటికి పోకుండా కాలవగట్టుకు నడిచాడు, పొద్దున్నే చెట్టుకు కట్టొచ్చిన రెండో లొట్టి దింపుకుందామని. మోకు బిగించి రెండుసార్లు మానుకు కాలు మోపాడు. మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఎండ తగ్గాక చూద్దామని మోకు విప్పి, చెట్టు మొదట్లో చేరగిలబడ్డాడు.

అన్నం వేళ దాటాక బుచ్చమ్మ వెతుక్కుంటూ వచ్చింది. నిద్రపోతున్నాడనుకుని పక్కనే కూర్చుని, పైటచెంగుతో ఈగలు తోలింది. లేపుదామని భుజం మీద చెయ్యి వేశాకే ప్రాణం లేదని తెలిసింది.

ఎక్కి దింపేవాడు ఊళ్ళో మరొకడు లేడు. మర్నాటికి, ఆకుల మధ్య కట్టిన లొట్టి నిండి, తెల్లటి నురగ అంచు దాటి మాను వెంట కిందికి జారుతూ ఉంది.