జైనబీ మోసిన ఓటు

రాహేలమ్మ ఎడమ భుజం కిందికి చెయ్యి పోనిచ్చి, మోకాలు మంచం పట్టెకి ఆనించి, జైనబీ ఆమెను కుడిపక్కకి తిప్పింది. వీపు మీద కొబ్బరినూనె చుక్కలు వేసి అరచేత్తో గుండ్రంగా రుద్దింది. నడుం దగ్గర రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ ఉంది. నిన్నటికంటే పెద్దది కాలేదు. వేలితో నొక్కి చూసి, రంగు మళ్ళీ వచ్చిందని నిశ్చయం చేసుకుని, దిండు సర్దింది. ఇలా నొక్కి చూడాలని నేర్పింది రాహేలమ్మే. నాలుగేళ్ళ కిందట ఈ ఇంట్లో చేరిన మొదటి రోజే, మంచం పట్టిన మనిషికి ఎక్కడెక్కడ పుళ్ళు పడతాయో తన ఒంటి మీదే చూపించి నేర్పింది.

ఇల్లు మస్కట్ శివారు అల్ హైల్‌లో, సముద్రానికి రెండు వీధుల ఇవతల. ఏడు కావస్తోంది. అక్టోబరు వచ్చినా ఎండ అప్పుడే కిటికీ అద్దాన్ని వేడెక్కించింది.

జైనబీకి నలభై ఆరేళ్ళు. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. బరువులు ఎత్తీ ఎత్తీ కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి దిగింది. రాయచోటి దగ్గరి పల్లె ఆమెది. భర్త ఫయాజ్ చనిపోయిన ఏడాదే ఒమాన్ వచ్చింది. సహం అనే ఊళ్ళో ఒక అరబ్బుల ఇంట్లో ఏడేళ్ళు చేసింది. ఆ తర్వాత ఇక్కడ. కూతురు తహ్రీమ్ కడపలో మందుల షాపులో పనిచేస్తోంది. జైనబీ గురించి ఎవరైనా అడిగితే చెప్పడానికి ఇంతకుమించి ఏమీ లేదని ఆమే అంటుంది.

"ఈవేళ లక్ష్మివారం కదే?" అని అడిగింది రాహేలమ్మ, గోడవైపు తిరిగే.

"అవునమ్మా. బేస్తవారం."

"రేపూ ఎల్లుండీ ఎంబసీకి సెలవు. ఆ తర్వాత వేసినా నా ఓటు అమెరికాకి వేళకి చేరదు."

జైనబీ చున్నీ కొంగుకు చేతి నూనె తుడుచుకుంది.

రాహేలమ్మకు డెబ్భై తొమ్మిది. నరసాపురం దగ్గర పుట్టి, నర్సు చదివి, ఇరవై తొమ్మిదో ఏట అమెరికా వెళ్ళింది. ఒహాయోలో ఒక ఆస్పత్రి పురుటి వార్డులో ముప్పై నాలుగేళ్ళు రాత్రీ పగలూ డ్యూటీ చేసింది. ఆ దేశపు పౌరురాలైంది. తుంటి విరిగాక, మస్కట్‌లో ఇంజనీరుగా ఉన్న కొడుకు ఇక్కడికి తీసుకొచ్చాడు. ఇన్నేళ్ళలో ఒక్క ఎన్నికలోనూ ఆమె ఓటు మానలేదు. ఈసారి ఓటు ఎవరికో కూడా ఎండాకాలంలోనే చెప్పేసింది. ఆయన పెద్ద పార్టీల మనిషి కాదు. పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పి, చర్చిలో వాక్యం చెప్పి, అధ్యక్ష పదవికి నిలబడ్డ ముసలాయన. ఓటు కాగితం మీద ఆయన పేరు అచ్చులో కూడా లేదు. వేయదలచినవాళ్ళు చేత్తో రాయాలి.

ఆదివారంనాడు రాహేలమ్మ రాసింది. మంచంలో ఆమె ఛాతీ మీద జైనబీ అట్ట పట్టుకుని నిలబడితే, వణికే చేత్తో ఒక్కో అక్షరమే దిద్దుతూ పావుగంట రాసింది. రెండుసార్లు చదువుకుని కవరులో పెట్టి, అంటించి, సంతకం చేసింది. కొడుకు దాన్ని తీసుకుని, "ఎంబసీలో నేను వేసేస్తానమ్మా," అన్నాడు.

నిన్న అతని గదిలో దుమ్ము తుడుస్తుంటే బల్ల సొరుగు సగం తెరిచి ఉంది. పాత కరెంటు బిల్లుల కింద ఆ కవరు కనిపించింది. జైనబీకి ఇంగ్లీషు రాదు కానీ ఆ వంకర సంతకం ఎవరిదో తెలియకుండా ఎలా ఉంటుంది? రాత్రే రాహేలమ్మకు చెబితే, వాడు వెయ్యకపోతే నువ్వే పట్టుకెళ్ళమంది.

*

కొడుకు పేరు ఇస్రాయేలు. ఆఫీసులో అందరూ రాయ్ అంటారు. తల్లి ఒక్కతే పూర్తి పేరుతో పిలుస్తుంది, అదీ గట్టిగా. మంచివాడే. తల్లి మందులు ఒక్కరోజు ఆలస్యం కానివ్వడు. ఆ ఉదయం నిలబడే కాఫీ తాగుతున్నాడు.

"సార్, అమ్మ కవరు ఇయ్యాల వెయ్యకపోతే అందదంట," అంది జైనబీ, పళ్ళెం తీస్తూ.

అతను కప్పు కింద పెట్టాడు. "నీకెందుకా సంగతి?"

"ఆమె అడగతాంది సార్."

"ఆవిడకి మతి సరిగా ఉండట్లేదు జైనబీ. నిన్న నన్ను నాన్న పేరుతో పిలిచింది. ఆ స్థితిలో వేసేది ఓటవుతుందా?" గొంతు తగ్గించాడు. "అసలు ఆవిడ ఓటేసిన ఆయన ఎవరో తెలుసా నీకు? మీ మతం వాళ్ళని ఆ దేశంలో అడుగు పెట్టనివ్వనన్నాడు. ఆ ఓటు గురించా నువ్వు నన్నడుగుతున్నావు?"

అతను కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మాట పొద్దంతా ఆమెతో తిరిగింది. బట్టలు ఆరేస్తున్నప్పుడు, మెత్తటి అన్నంలో పప్పునీళ్ళు కలుపుతున్నప్పుడు అదే మాట. పదకొండు గంటలకు రాహేలమ్మకు ఒళ్ళు తుడుస్తూ అడిగేసింది.

"మా మతమోళ్ళని రానీనన్నాడంట గదా, నువ్వు ఓటేసినాయప్ప?"

రాహేలమ్మ కళ్ళు తెరిచింది. తప్పించుకునే చూపు కాదు అది.

"అన్నాడు. టీవీలో నేను చూశాను. ఆ మాట తప్పని ఆయనకి ఉత్తరం రాశాను. నన్ను ఎత్తి కూర్చోబెట్టే చేతులు ఒక ముసల్మాను ఆడదానివని రాశాను. జవాబు రాలేదు."

"మళ్ళీ ఆయనకే ఏస్తివి."

"వేశాను. ముప్పై నాలుగేళ్ళు పురుటి గదిలో ఉన్నానే నేను. అరచేతిలో పట్టేంత బిడ్డలు కూడా ఊపిరి కోసం ఎంత కొట్టుకునేవారో చూశాను. కడుపులోనే తీసెయ్యొద్దని ఆ బిడ్డల తరఫున మాట్లాడేవాడు నాకు ఈయనొక్కడే కనిపించాడు. ఓడిపోతాడని తెలుసు. నన్ను చూసి నవ్వుతారనీ తెలుసు. మా వాడికి నేనంటే సిగ్గు." ఆమెకు ఆయాసం వచ్చింది. చెయ్యి ఎత్తి, మాట్లాడొద్దని సైగ చేసి, ఊపిరి కూడదీసుకుంది. "నీకు మనసొప్పకపోతే పట్టుకెళ్ళకు. నేను తప్పు పట్టను. కానీ ఓటు మాత్రం మార్చను జైనబూ. నువ్వడిగినా మార్చను."

జైనబీ తడిగుడ్డను గిన్నెలో ముంచి బలంగా పిండింది. చాలాసేపు పిండింది. ఇరవై ఏళ్ళ కిందటి మాట జ్ఞాపకం వచ్చింది. పంచాయతీ ఎన్నికలప్పుడు చంకలో తహ్రీమ్‌ని వేసుకుని ఎండలో రెండు గంటలు వరసలో నిలబడింది. లోపలికి వెళితే బల్ల దగ్గర కూర్చున్న మనిషి, "నీ ఓటు పడిపోయిండాది లేమ్మా, పో," అన్నాడు. ఎవరు వేశారని ఆమె అడగలేదు. సిరా అంటని వేలితో ఇంటికొస్తే ఫయాజ్ నవ్వాడు. అప్పుడు తనూ నవ్వింది. ఎందుకు నవ్విందో ఇప్పుడు తెలియడం లేదు. ఆ తర్వాత ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మళ్ళీ వరసలో నిలబడలేదు. ఒమాన్ వచ్చాక ఆ మాటే లేదు.

"సారు నీకు మతి లేదంటాడు," అంది.

"అడుగు. ఏం కావాలంటే అది అడుగు."

"మధ్యాన్నం మాత్రలు ఎన్ని?"

"రెండున్నర. తెల్లవి రెండు, పసుపుది సగం. నిన్న నువ్వు పసుపుది మొత్తం ఇచ్చేస్తుంటే ఆపిందెవరు?"

జైనబీకి నవ్వొచ్చింది. ఆపుకుంది. గుడ్డతో ఆమె మెడ తుడిచి, జాకెట్టు గుండీలు పెట్టింది.

"ఆయప్పకు నేను మొయ్యనమ్మా. ఆయప్ప నాకేమైతాడు? నీకు మోస్తా."

*

ఒంటిగంటన్నరకు కోడలు శ్రీలత బడి నుంచి వచ్చింది. ఆమె ఇండియన్ స్కూల్లో టీచరు. రోజూ ఆమె వచ్చాక నాలుగింటి వరకూ జైనబీకి విరామం. ఆ వేళలో పడుకుంటుంది, లేదా కూతురితో ఫోన్లో మాట్లాడుతుంది. ఈరోజు సల్వారు మీద నల్ల అబాయా వేసుకుని, ఇస్రాయేలు గదిలోకి వెళ్ళి, సొరుగు తెరిచి, కరెంటు బిల్లులు పక్కకి జరిపి కవరు తీసుకుంది. వెనక్కి తిరిగితే గుమ్మంలో శ్రీలత.

"అది ఆయన సొరుగు జైనబీ."

"కవరు ఆయనది కాదు మేడమ్."

శ్రీలత కవరు మీది సంతకం చూసింది. తర్వాత అత్తగారి గది వైపు చూసింది. "నేను అత్తయ్య దగ్గర కూర్చుంటాను," అని మాత్రం అని వెళ్ళిపోయింది.

పెద్ద రోడ్డు దాకా నడిచి జైనబీ చిల్లర తీసుకుని ఎక్కించుకునే బైజా వ్యాను ఎక్కింది. వెనక సీట్లో ఇద్దరు మగవాళ్ళు సిమెంటు అంటిన చెప్పులతో నిద్రపోతున్నారు. కవరును అబాయా లోపల పొట్టకి ఆనించి రెండు చేతులూ దాని మీద పెట్టుకుని కూర్చుంది. దిగాక ఇరవై నిమిషాలు నడక. ఫుట్‌పాత్ రాళ్ళ వేడి చెప్పుల్లోంచి తగిలింది. ఇస్రాయేలు ఈ రాత్రే టికెట్టు తీయించి పంపేయవచ్చు. వీసా అతని చేతిలో ఉంది. దారి పొడుగునా ఆ ఆలోచన వచ్చింది. వచ్చినప్పుడల్లా అడుగు ఇంకాస్త వేగంగా వేసింది.

అమెరికన్ ఎంబసీ గేటు దగ్గర ఒమానీ గార్డు ఆమె బతాకా, గుర్తింపు కార్డు, తీసుకుని, ఫొటోని, ముఖాన్ని మార్చి మార్చి చూశాడు. కవరు చూపించమన్నాడు.

"ఇది నీదా?" అని అరబీలో అడిగాడు.

"లా. మామాది," అంది, కాదు, మా ఇంటి పెద్దామెదని. సహంలో నేర్చుకున్న నాలుగు ముక్కల్లో చెప్పింది. మామా ముసలిది, నడవలేదు, నన్ను పంపింది.

"మామా అమెరికనా?"

"అవును."

అతను ఇంకేదో అడగబోయి ఆమె ముఖం చూసి మానుకున్నాడు. సంచీ, ఫోనూ అక్కడే పెట్టించి, లోపల గోడకి ఉన్న పెట్టె చూపించాడు. కవరు మందంగా ఉంది. సన్నటి సందులో సగం వెళ్ళి ఆగింది. జైనబీ బొటనవేలు ఆనించి గట్టిగా తోసింది. లోపల పడ్డ చప్పుడు వినిపించే దాకా అక్కడే నిలబడింది. గార్డు దగ్గర బతాకా తీసుకుంటూ, అవసరం లేకపోయినా, తల ఎత్తి అతని కళ్ళలోకి చూసింది.

*

నాలుగవుతుండగా ఇల్లు చేరింది. శ్రీలత లేచి తన గదికి వెళ్ళింది.

"పడిందా?" అంది రాహేలమ్మ.

"పడింది."

"చప్పుడు విన్నావా?"

"ఇన్నా. ఇరుక్కునింటే తోసినా."

ముసలామె ముఖంలో ముడతలన్నీ కదిలాయి. నవ్వితే ఆమెకు ఆయాసం, అయినా నవ్వింది. "ఇక వాణ్ణి రమ్మను. ఎంత అరుస్తాడో అరవమను." తర్వాత కొంచెంసేపు కళ్ళు మూసుకుంది. "కాళ్ళు చల్లబడుతున్నాయే. ఏసీ తగ్గించు."

జైనబీ పాదాలు పట్టుకు చూసింది. మంచులా ఉన్నాయి. వంటింట్లో నీళ్ళు కాచి, రబ్బరు సంచిలో పోసి, తువ్వాలు చుట్టి, పాదాల కింద పెట్టింది. దుప్పటి చుట్టూ దోపింది.

"బావుంది," అంది రాహేలమ్మ. "కాసేపు పడుకుంటా."

ఇస్రాయేలు వచ్చింది అయిదున్నరకి. ఏదో కాగితం కోసం సొరుగు తెరిచాడు. వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడేసరికి అతని ముఖం ఎర్రబడి ఉంది.

"ఎవరు తీశారది?"

"నేనే సార్. పెట్టెలో ఏసొచ్చినా."

"నా గదిలోంచి, నాకు చెప్పకుండా? ఇది దొంగతనం, తెలుసా? సామాను సర్దుకో."

జైనబీ స్టవ్ కట్టేసి అతని వైపు తిరిగింది. "సర్దుకుంటా సార్. మీయమ్మకు మతి లేదంటిరే, నేను ఏ మాత్ర ఎంత ఇయ్యాలో రోజూ చెప్పేది ఆమే. మతి లేని మనిషి మాట మీద నాలుగేండ్లు ఆమెను బతికించుకుంటినా? ఏస్తానని చేతిలో తీసుకుని సొరుగులో పెట్టినారు. అది దొంగతనం కాదా?"

అతను గిరుక్కున తిరిగి తల్లి గదిలోకి వెళ్ళాడు. "అమ్మా," అని గట్టిగా పిలవడం వినిపించింది. మళ్ళీ, "అమ్మా." మూడోసారి చాలా మెల్లగా.

జైనబీ వెళ్ళేసరికి అతను మంచం పక్క నేల మీద కూర్చుని ఉన్నాడు. రాహేలమ్మ ముఖం గోడవైపు లేదు, తలుపువైపు ఉంది. కళ్ళు మూసే ఉన్నాయి. జైనబీ మెడ పక్కన రెండు వేళ్ళు ఆనించి, తనకు నేర్పినట్టే, నిమిషం పాటు నాడి వెతికింది. అందలేదు. తర్వాత చేతులు సరిచేసి ఛాతీ మీద పెట్టింది.

ఆస్పత్రి బండి కోసం ముగ్గురూ ఆ గదిలోనే ఎదురుచూశారు. ఇస్రాయేలు అన్నాడు, "అక్కడ ఎన్నికలు ఇంకా కాలేదు. ఇప్పుడా ఓటు చెల్లుతుందో లేదో."

"అది వాళ్ళిష్టం సార్. ఆమె మాత్రం ఏసింది."

అతను తల వంచుకుని ఉన్నాడు. "పేరు సరిగ్గా రాసిందా?"

"నాకు చదువు రాదు. రెండు మాట్లు చదువుకునింది."

అతను తల ఊపాడు. ఆ ఊపడం ఆగలేదు. శ్రీలత అతని భుజం మీద చెయ్యి వేసింది.

బండి వచ్చింది. ఇద్దరు మనుషులు స్ట్రెచర్ తెస్తే, జైనబీ వాళ్ళని పక్కకు జరగమంది. భుజం కింద చెయ్యి పోనిచ్చి, మోకాలు పట్టెకి ఆనించి, తలా నడుమూ తానే ఎత్తి అందించింది. కాళ్ళు మాత్రమే వాళ్ళని పట్టనిచ్చింది. కారులో బండి వెనకాలే బయలుదేరుతూ ఇస్రాయేలు గేటు దగ్గర ఆగాడు. "సామాను సంగతి..." అన్నాడు.

"మీరు పోయి రాండి సార్. నేను యాడికీ పరిగెత్తను. పోయే రోజు నేనే చెప్పి పోతా."

బండి దీపాలు వీధి మలుపు తిరిగాక లోపలికొచ్చి, చేతులు కడుక్కుని, మంచం దులపడానికి దుప్పటి లాగింది. కింద, పాదాలున్న చోట, తువ్వాలు చుట్టిన రబ్బరు సంచి ఒక పక్కకి ఒరిగి ఉంది. చెయ్యి వేస్తే ఇంకా వెచ్చగానే ఉంది.