మట్టెవాడలో ఆగే మోటార్ సైకిల్

శారదకు ఆ మోటార్ సైకిల్ అంటే మొదట్లో ఒళ్లు మంట. దాని మూలంగానే అక్కతో రాకపోకలు తెగిపోయాయి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మిలిటరీ వాళ్లు సికింద్రాబాద్‌లో పాత బళ్లు వేలం వేస్తే, ఆమె భర్త చంద్రమౌళి వెళ్లి ఖాకీ రంగు మోటార్ సైకిల్ ఒకటి తెచ్చుకున్నాడు. వాళ్ల ఇల్లు హనుమకొండలో, బట్టల దుకాణం వరంగల్ బజారులో. అంతవరకు టాంగాలో ఊగుతూ పోయే మనిషి, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ధోతి ఎగరకుండా తొడల కింద బిగించి, వీధంతా తలుపులు తీసి చూసేలా బయలుదేరడం మొదలుపెట్టాడు. ఆ సంబరంలో ఒక పెళ్లికి కూడా దాని మీదే వెళ్లాడు. పందిట్లో అందరి ముందు శారద అక్క అనసూయ భర్త యాకయ్య, "మా షడ్డకుడు పిండిగిర్ని ఎక్కి వచ్చిండు. పట్టిచ్చుకునేటోళ్లు జర గోధుమలు తెచ్చుకోండ్రి" అన్నాడు. విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లంతా పగలబడి నవ్వారు. చంద్రమౌళి చేయి కడుక్కుని లేచిపోయాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో యాకయ్య పేరు ఎత్తినవాళ్లు లేరు.

యాకయ్యకు మట్టెవాడలో కిరాణా దుకాణం ఉంది. ముందు దుకాణం, వెనక ఇల్లు. హనుమకొండ నుంచి వరంగల్ పోవాలంటే దాని ముందు నుంచే పోవాలి. చంద్రమౌళి అక్కడికి రాగానే మెడ బిగించి, పక్కకు చూడకుండా, హారన్ ఒకటి గట్టిగా కొట్టి దాటేవాడు.

శ్రావణ శుక్రవారం నాడు శారద అత్తగారు సమ్మమ్మ బండికి పూజ చేసింది. ఆమెకు ఏ పని చేసినా నిండుగా ఉండాలి. చక్రాలకు, ముందు దీపానికి, పెట్రోలు టాంకీకి, టాంకీ మూతకు పసుపు ముద్దలు మెత్తి కుంకుమ అద్దింది. "ఇగ దీనికి ఎవ్వల దిష్టీ తగలది" అంది.

మర్నాడే బండి ఆగిపోయింది. ఆగడం కూడా యాకయ్య దుకాణం ముందు.

టక్కున ఆగినా కొంత మర్యాదగా ఉండేది. ముందు దగ్గింది. తర్వాత హ్యాండిల్ ఎంత తిప్పితే అంత నీరసపడింది. చివరికి సరిగ్గా ఆ అరుగు ముందుకు వచ్చి ప్రాణం వదిలింది. అరుగు మీద చింతపండు తూస్తున్న యాకయ్య తరాజు కింద పెట్టి, "పిండి పట్టుడు అయిపోయిందా తమ్మీ" అని అడిగాడు.

చంద్రమౌళి వినపడనట్టు టాంకీ మూత తీసి లోపలికి చూశాడు. పెట్రోలు ఉంది. మూత బిగించి, కిక్కు కొడితే బండి ఏమీ ఎరగనట్టు లేచింది. వరంగల్ దుకాణం దాకా ఏ పేచీ పెట్టలేదు. సాయంత్రం రోజూలాగే దారిలో పెట్రోలు పోయించుకున్నాక ఇంటికీ బాగానే వచ్చింది. తెల్లవారి మళ్లీ మట్టెవాడలో, మళ్లీ ఆ అరుగు ముందే దగ్గింది.

హనుమకొండ చౌరస్తా దగ్గర మొగిలి అనే మిస్త్రీ ఉండేవాడు. అతను ప్లగ్గు విప్పి, మసి గీకి, గరుకు కాగితంతో రుద్ది, నిప్పురవ్వ పుట్టించి చూపించాడు. "నిప్పు మంచిగనే వస్తాంది సేటూ" అన్నాడు. కార్బొరేటర్ విప్పి సన్న తూట్లన్నీ నోటితో ఊదాడు. టాంకీ నుంచి వచ్చే గొట్టం ఊడదీస్తే పెట్రోలు ధారగా పడింది. ఏ పని చేసినా ముందు టాంకీ మూత తీసి పక్కన పెట్టుకోవడం అతని అలవాటు. పని కాగానే మూత బిగించి, చౌరస్తా చుట్టూ ఒక చక్కరు కొట్టి, బండి భేషుగ్గా ఉందనేవాడు. అది నిజంగానే భేషుగ్గా ఉండేది, మట్టెవాడ దాకా.

"దానికి గా జాగ నచ్చింది సేటూ" అన్నాడు చివరికి మొగిలి, నవ్వకుండా.

సమ్మమ్మకు మాత్రం సంగతి మొదటి రోజే తేలిపోయింది. "వాని కండ్లల్ల నిప్పులు వొయ్య. గా యాకయ్య చూపే తగులుతాంది" అని, శుక్రవారం శుక్రవారం టాంకీ మీద ఇంకో పూత పసుపు వేయసాగింది.

చంద్రమౌళి రోజూ సాయంత్రం వచ్చి శారద ముందు వెళ్లగక్కేవాడు. మొదట్లో అంతా యాకయ్య నవ్వు గురించే. కొన్నాళ్లకు మాట కొంచెం పక్కకు జరిగింది.

"మీ అక్క సల్ల పంపింది ఇయ్యాల. నేను ముట్టలే."

"మంచిగ చేసిండ్రు" అంది శారద.

ఆ వారంలోనే ఒక రోజు అన్నం తింటూ, "మీ అక్క సల్లల అల్లం దంచి ఏస్తది" అన్నాడు.

"ముట్టలేదంటిరి కదా."

"దూపయింది" అన్నాడు చంద్రమౌళి, తల ఎత్తకుండా.

శారద వంటింట్లోకి పోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. అక్క ఇల్లు కదిలి దగ్గరికి వచ్చినట్టే అనిపించింది. సాయంత్రమయ్యేసరికి భర్త నోట ఏదో ఒక కబురు దొరికేది. అక్క ఎర్రంచు చీర కట్టుకుందని, చేయి కాలిందని, వాకిట్లో చిక్కుడుపాదు పందిరెక్కిందని. ఆయనకు తెలియకుండానే అన్నీ చెప్పేసేవాడు.

ఒకనాడు శారద కొత్త పల్లినూనె డబ్బా విప్పింది. ఒక మూలకు మేకుతో తూటు కొట్టి జాడీలోకి వంచితే గుటగుటమని కొంచెం పడి ఆగిపోయింది. ఎప్పటిలాగే ఎదురు మూలకు ఇంకో తూటు కొట్టింది. గాలి లోపలికి పోగానే నూనె తాడులా ధార కట్టింది. జాడీ నిండుతుంటే ఆమె చూపు వాకిట్లో బండి మీద పడింది. టాంకీ మూత మీద పసుపు ఎండి పెచ్చుకట్టి ఉంది.

జాడీ పక్కన పెట్టి వెళ్లి గోటితో పెచ్చు లేపింది. దాని కింద గుండుసూది తల అంత తూటు కనిపించింది. నిండా పసుపే. పెట్రోలు కిందికి పోతుంటే దాని చోట్లోకి గాలి వచ్చే దారి అదొక్కటే అయి ఉంటుంది. అది మూసుకుపోతే డబ్బా నూనె ఆగినట్టే పెట్రోలూ ఆగుతుంది. మట్టెవాడ చేరేసరికి దాని ఊపిరి అయిపోతోంది. ఈయన పెట్రోలు చూద్దామని మూత తీయగానే గాలి లోపలికి పోయి మళ్లీ బతుకుతోంది. శారద పిన్నీసు తీసి తూటు పొడిచి శుభ్రం చేసింది. ఎవరికీ చెప్పలేదు. అత్తగారి పసుపే బండి గొంతు నొక్కుతోందని ఏ కోడలు చెప్పగలదు?

తెల్లవారి బండి ఆగకుండా వరంగల్ చేరింది. చంద్రమౌళి మొగిలిని మెచ్చుకున్నాడు. "మొన్న జర గట్టిగ ఊదిన సేటూ" అని మొగిలి ఒప్పేసుకున్నాడు. సమ్మమ్మ తన పసుపు గుణమేనంది. శుక్రవారం పూజ కాగానే శారద చల్లగా వచ్చి తూటు మీది పసుపు పక్కకు జరిపేది.

ఇల్లంతా సంతోషమే, కానీ అక్క కబురు ఆగిపోయింది. అప్పుడు గానీ శారదకు తాను చేసిన పని అర్థం కాలేదు. చంద్రమౌళి కూడా అంత హుషారుగా లేడు. ఒక పూట ఆమె ఇచ్చిన మజ్జిగ సగం తాగి గ్లాసు దించాడు. "ఇందుల అల్లం ఎందుకెయ్యవే" అన్నాడు.

దీపావళి వచ్చింది. దుకాణంలో లక్ష్మీపూజకు ఇంటి ఇల్లాలు పోయి దీపం పెట్టాలి. ఆ రోజు టాంగాలన్నీ ఎవరో ఒకరు మాట్లాడుకున్నవే. "ఎనుక కూసోని పో బిడ్డా. ఎవ్వలేమంటరు, మొగని బండే కదా" అని సమ్మమ్మే తేల్చేసింది.

శారద అద్దం ముందు కూర్చుంది. కుంకుమ నిలవడానికి నుదుట మైనం రాసుకుంటుంటే వేలు అక్కడే ఆగింది. ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడింది గానీ, వేలు సిగ్గుపడలేదు. కుంకుమ అంటిన మైనం చిటికెడు తీసుకుని, పువ్వు పెట్టే నెపంతో బండి దగ్గరికి పోయి, తూట్లో అదిమేసింది.

దారి పొడుగునా ఆమె గుండె ఇంజన్ కంటే గట్టిగా కొట్టుకుంది. మట్టెవాడ మలుపు వచ్చింది. బండి దగ్గలేదు. చిక్కుడుపందిరి కనిపించింది. వాకిట్లో అక్క నిలబడి ఉంది. బండి మీద చెల్లెల్ని చూసి ఆమె చేయి సగం లేచింది. చంద్రమౌళి ఈసారి హారన్ కొట్టలేదు, ఆపనూ లేదు. ఇల్లు వెనక్కి పోయింది. కంట్రోలులో పర్మిట్ మీద ఇచ్చే పెట్రోలు అడుగంటి ఆ రోజు టాంకీలో పోసింది తక్కువ. ఖాళీ ఎక్కువైతే అందులో గాలీ ఎక్కువ ఉంటుందని, ఊపిరి ఇంకొంచెం దూరం వస్తుందని శారదకు తట్టనే లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మరికొంత దూరం పోయాక, మూసి ఉన్న కమ్మరి కొలిమి ముందు బండి దగ్గి ఆగింది.

చంద్రమౌళి దిగాడు. టాంకీ మూత వైపు చేయి పోలేదు. ప్లగ్గు చూడలేదు. వెనక్కి తిరిగి, వచ్చిన దారి చూశాడు.

"జర దిగు" అని, బండిని వెనక్కి తిప్పి తోయసాగాడు.

"ఎనుకకెందుకు?"

"ఈడ ఎండ కొడుతాంది."

ఆ రోజు పొద్దున్నించీ మబ్బే. శారద పక్కనే నడిచింది.

వాళ్లు రావడం చూసి యాకయ్య అరుగు దిగి ఎదురొచ్చాడు. "నువ్వు తొయ్యకు తమ్మీ, పండుగ ధోతికి మసైతది" అని తానే వెనక చేయి వేశాడు. కొంచెం దూరం తోశాక, "శాన దినాలైంది బండి ఆగక. మా మీద కోపమొచ్చిందనుకున్నం" అన్నాడు.

అక్క చెల్లెలి చేయి పట్టుకుని మళ్లీ వదల్లేదు. ఇద్దరూ గడపలోనే నిలబడిపోయారు. అప్పుడు చంద్రమౌళి టాంకీ మూత తీశాడు. అటూ ఇటూ తిప్పాడు. గోటితో ఏదో పెకిలించి వెలుగులో పట్టి చూశాడు. ఎర్రగా, మెత్తగా ఉంది. మెల్లగా తలెత్తి శారద నుదుటి వైపు చూశాడు. శారద చిక్కుడుకాయలు లెక్కపెడుతున్నట్టు పందిరి వైపు చూసింది.

"ఏందది?" అన్నాడు యాకయ్య.

చంద్రమౌళి వేలు ధోతి మడతలో తుడుచుకున్నాడు. "కార్బొరేటర్ల నలుసు పడ్డట్టున్నది. పొద్దుమీకే దాక పట్టేటట్టుంది."

"అట్లైతే తిని చేసుకో. పూజ సందకాడనే కదా."

వడ్డన సగంలో యాకయ్య తన విస్తరి వంక చూస్తూ, "పెండ్లిల గా మాట కుళ్లుతోటి అన్న తమ్మీ" అన్నాడు. "నాకు సైకిలు తొక్కుడే రాదు."

"నేర్పుత తియ్యి" అన్నాడు చంద్రమౌళి. ఆ తర్వాత ఇద్దరూ బూరెలు పోటీపడి తిన్నారు.

పొద్దు వాలాక బండి ఒక్క కిక్కుకే లేచింది. మట్టెవాడ దాటాక చంద్రమౌళి వేగం తగ్గించాడు.

"నోటితోని చెప్తే ఆపకపోదునా?" అన్నాడు, వెనక్కి చూడకుండా.

"ఆపుదురా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "లేదు, ఆపకుండనే పోదును" అని ఒప్పుకున్నాడు. తర్వాత ఆయన భుజాలు కదలడం వెనక కూర్చున్న శారదకు తెలిసింది. నవ్వుతున్నాడు.

వరంగల్ బజారు చేరేసరికి ప్రతి దుకాణం ముందూ ప్రమిదలు వెలుగుతున్నాయి. వాళ్ల దుకాణం ఒక్కటే చీకటిగా ఉంది. తాళంచెవి కోసం చూసి చూసి అలసిన గుమాస్తా, పూల బుట్ట ఒళ్లో పెట్టుకుని, మెట్ల మీద కునుకు తీస్తున్నాడు.