కొత్త అయ్యగారి భార్య

పొద్దున లేవగానే పొయ్యి మీద రెండు గిన్నెలు పెడతాను. ఒకదాంట్లో గంజి, ఇంకోదాంట్లో కత్తెరలూ పట్టకార్లూ సూదులూ. ముందు గది ఆసుపత్రి, వెనక గది ఇల్లు. ఈ కొండమీది ఊరికి మమ్మల్ని మిషన్ వాళ్లు పంపి తొమ్మిదేళ్లయింది. మా ఆయన పాస్టరు. నేను నర్సు చదువు చదివి, పెళ్లికి ముందు రెండేళ్లు పెద్దాసుపత్రిలో పనిచేసినదాన్ని. ఊరికి మాత్రం పాస్టరమ్మని, అంతే.

రోగి వస్తే ఆయన తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాడు. ఆ తర్వాత పుండు కడిగేదీ, చీము తీసేదీ, కుట్లు వేసేదీ నేను. నయమైతే దేవుడి దయ. కాకపోతే "కట్టు సరిగ్గా కట్టావా?" అని ఆయన అడుగుతాడు. దేవుడి మీద నాకేం కోపం లేదు. పాపం, ఏనాడూ నా కట్టుకి వంక పెట్టలేదు.

మూడు నెలలకోసారి మిషన్ ఆఫీసుకి ఆయన ఒక నివేదిక పంపుతాడు. ఆయన రాత కోడి కెలికినట్టుంటుంది కాబట్టి దాన్ని శుభ్రంగా తిరగరాసేది నేనే. "నూట నలభై మందికి వైద్యం చేశాను. పదకొండు పురుళ్లు పోశాను" అని ఉంటుంది. రక్తం చూస్తే ఆయనకి కళ్లు తిరుగుతాయి, పురిటి గది గడప తొక్కిన మనిషి కాదు. ఒకసారి అడిగితే, భార్యాభర్తలం ఒకే శరీరం, నేనన్నా నువ్వన్నా ఒకటే కదా అన్నాడు. ఒకటే అయితే ఒక్కసారైనా 'ఆమె' అని రాయొచ్చుగా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. సేవలో పేరు కోరుకుంటే ఫలం పోతుందనేది మా అత్తగారు. కొడుక్కి సన్మానం జరిగిన ఫొటో మాత్రం గుమ్మానికి ఎదురుగా పెద్దది కట్టించి పెట్టుకుంది.

ఈ ఊరి ఆడవాళ్ల కడుపులూ, కాళ్లూ, రొమ్ముల్లో గడ్డలూ అన్నీ నాకు తెలుసు. కానీ నేను వెళితే లేచి నిలబడతారు. నవ్వుకుంటున్నవాళ్లు ఆపేస్తారు. ఒక్కగానొక్క కూతుర్ని ఏడో ఏట పట్నం హాస్టల్లో వేశాం. ఇప్పుడు దానికి పదకొండు. జడ వేసేవాళ్లు లేక జుట్టు కత్తిరించేసుకున్నానమ్మా అని రాసింది. ఆ ఉత్తరం చదివిన రోజు పదిహేడు మందికి మందులిచ్చాను. ఏం, కళ్లెర్రగా ఉన్నాయని ఒక్కరూ అడగలేదు.

చలికాలం చివర్లో ఒక మధ్యాహ్నం అన్నం తింటూ ఆయన చెప్పాడు. పట్నంలో పెద్ద చర్చి ఇచ్చారట. నెలాఖరుకి సర్దుకోవాలట. సరేనని జవాబు కూడా రాసేశాడట. పిల్ల చదివే పట్నమే. అబద్ధమెందుకు, నాకు ప్రాణం లేచొచ్చింది. ముద్ద మింగకముందే పెట్టె ఎక్కడుందా అని చూశాను. అప్పుడు గుర్తొచ్చింది గొర్రెల కాపరి కోడలు. ఎనిమిదో నెల, బిడ్డ అడ్డం తిరిగి ఉంది. రోడ్డుకి చేరాలంటే నాలుగు గంటల నడక.

"మరి ఇక్కడ ఎవరు చూస్తారు?" అన్నాను.

"కొత్త అయ్యగారు వస్తున్నాడుగా."

"నేనడిగేది రోగుల సంగతి."

ఆయన నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఆయనకి భార్య ఉంటుందిగా."

వెటకారం కాదు. వెళ్లే ఇంట్లో పొయ్యి ఉంటుందిగా అన్నంత మామూలుగా అన్నాడు. ఆ అమ్మాయి ఎవరో, సూది పట్టుకోవడం వచ్చో రాదో. భార్య అయితే చాలు. తొమ్మిదేళ్లుగా నేనేమిటో ఆ ఒక్క మాటతో తేలిపోయింది.

మర్నాడు ఆఫీసుకి నేనే ఉత్తరం రాశాను. "మీ కాగితాల ప్రకారం ఈ ఊళ్లో నర్సు ఎప్పుడూ లేదు. ఆ ఉద్యోగం నాకివ్వండి, జీతంతో, నా పేరు మీద." పంపే ముందు ఆయనకి చూపించాను. రెండుసార్లు చదివాడు. జనం ఏమనుకుంటారన్నాడు. పిల్ల ఏమైపోవాలన్నాడు.

"పిల్ల దగ్గరికి మీరు వెళుతున్నారుగా," అన్నాను. "జడ వెయ్యడం నేర్చుకోండి."

ఏడాదికి ఒప్పుకున్నామని జవాబొచ్చింది. ఆయన నాతో సరిగ్గా మాట్లాడకుండానే కొండ దిగాడు. అంతా వివరంగా కూతురికి రాశాను. అది ఒక్క ముక్కే రాసింది: ఎప్పుడొస్తావు? కొత్త పాస్టరు ఇంకా రాలేదు. ఇంట్లో చెంచా కింద పడితే ఉలిక్కిపడేంత నిశ్శబ్దం.

పై నెలలో కాపరి కోడలు ప్రసవించింది. కడుపు మీంచి చేతులతో సర్దగా సర్దగా బిడ్డ తల కిందికి తిరిగింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.

రెండు రోజుల తర్వాత సాయంత్రం ఆ పసిబిడ్డ నాయనమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. చేతులు తుడుచుకుంటూ లేచి, ఏమైంది, ఎక్కడ నొప్పి అని అడిగాను. ఆమె రోగులు కూర్చునే బల్ల దాటుకుని లోపలికొచ్చి నా మంచం మీద కూర్చుంది. నన్ను కూడా పక్కన కూర్చోమని చేత్తో తట్టింది.

"నాకేం కాలేదమ్మా," అంది. "నీకెక్కడ నొప్పి?"