తప్పు చెప్తే ఊరుకోని మనిషి

బల్మూరు మహిపాల్ పిట్టల మీద రాస్తే చదివినవాళ్ల కళ్లు చెమర్చేవి. ఆదివారం పేపర్లో ఆయన పేరు చూసి ఊరు పొంగిపోయేది. చీమకైనా హాని తలపెట్టడని చెప్పుకునేవాళ్లు. చీమల సంగతేమో గానీ, పెళ్లాం నవనీత వీపు మీద మాత్రం పాత దెబ్బ మానకముందే కొత్తది లేచేది.

కొట్టడమే కాదు, కొట్టిందంతా నోటుబుక్కుల్లో రాసుకునేవాడు. వాన ఏ దిక్కున పట్టింది, బర్రె మేత ఎందుకు ముట్టలేదు, నవనీత ఏ దెబ్బకు అరిచింది, ఏ దెబ్బకు అరవలేదు, అన్నీ ఒకే పేజీలో, ఒకే శ్రద్ధతో. దెబ్బల కంటే ఆ శ్రద్ధే ఆమెకు కంపరం పుట్టించింది.

ఆ పొద్దున ఆమె వాటిని చదువుతూ దొరికిపోయింది. మహిపాల్ పలుపుతాడుతో చర్మం లేచిపోయేలా బాదాడు, తల గోడకేసి కొట్టాడు. ఆమె నెత్తురు తుడుచుకునేలోపే పుస్తకాలన్నీ పొయ్యిలో వేశాడు. ఆమె పుట్టింటికి బయలుదేరితే అత్త జంగమ్మ పంచాయితీ పెట్టించింది.

"కాలు జారి గోడకు తాకింది. నా కొడుకు ఎన్నడన్న శెయ్యెత్తిండా?" అంది జంగమ్మ.

మహిపాల్ కండువాతో కళ్లొత్తుకున్నాడు. "దాని దిమాగ్ జర ఖరాబైంది, మామా."

కులపెద్ద దశరథం కరిగిపోయాడు. "ఇంటికి పో బిడ్డా. సంసారమన్నంక గిట్లనే ఉంటది."

ఆ గడప మళ్లీ తొక్కితే ప్రాణాలతో బయటపడనని నవనీతకు తెలుసు. రుజువేమో బూడిదైంది. అప్పుడు గుర్తొచ్చింది, ఒక చుట్టం కౌజుపిట్టను చూసి పూరేడుపిట్ట అన్నందుకు ఈ మనిషి ఎంగిలి చేత్తోనే లేచి వాదించాడు.

"పోత మామా. ఒక్క ముచ్చట ఇనుర్రి. ఉగాది నాడు నన్ను చెర్నకోలతోని కొట్టిండు."

మహిపాల్ పెదవి అదిరింది. పళ్లు బిగించాడు.

"పెద్ద వాన పడుతుండె. మొదటి దెబ్బకే కింద పడ్డ."

"వాన యాడిది? ఎండ మాడుతుండె!" మహిపాల్ ఆగలేకపోయాడు. "చెర్నకోల గాదు, పలుపుతాడు. మొదటి దెబ్బకు నువ్వు పడనే లేదు, గుంజ పట్టుకొని నిలవడ్డవు!"

జంగమ్మ కొడుకు భుజం మీది చెయ్యి తీసేసింది.

"పుస్తకంల గూడ గట్లనే రాసుండె, మామా" అంది నవనీత.

దశరథం చెప్పు తీసి మహిపాల్ మూతి పగలగొట్టాడు. తక్కినవాళ్లు కూడా లేచారు. నవనీత రెప్ప వాల్చకుండా చూసింది. ఏ దెబ్బకు అరిచాడో, ఏ దెబ్బకు అరవలేదో, ఒక్కటీ మరిచిపోలేదు.