అత్తయ్య పెద్ద రికార్డు

మా ఆయనా, మైకుసెట్టు నీలకంఠమూ కలిసి ఒక పని మొదలుపెట్టారంటే ఆ పూట ఇల్లు ఇల్లులా ఉండదు. ఆ ఆదివారం ఎనిమిది గంటలకే మా గుమ్మం ముందు రిక్షా ఆగింది. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని ఒక ఇనప బల్లను దింపారు. బల్ల కింద పెద్ద మోటారు, పైన అప్పడాల పీటకి రెండింతలుండే గుండ్రటి పళ్ళెం. దాన్ని లోపలికి తెచ్చేలోపల తెల్లవారుజామున నేను వేసిన ముగ్గు తొక్కేశారు, మొన్ననే సున్నం వేయించిన గోడ గీకేశారు.

"ఏటన్నయ్యా ఇది? పిండిమరా?" అన్నాను.

"కాదు సెల్లెమ్మా! బరంపురంల పాత సినిమా హాలు కూలగొడతన్నారు. టాకీలు కొత్తగా వచ్చినప్పుడు బొమ్మ ఒక మిసన్ల, మాట ఒక రికార్డుల ఉండేదట. ఆ రికార్డులాడించే మిసనిది. ఇళ్ళల్ల ఎట్టుకునే ఆటబొమ్మ కాదు, అసలు సరుకు. అమ్మ రికార్డు దీనిమీద పడతాది, సూడు!"

అమ్మ రికార్డు అనేసరికి నా నోరు మూతపడింది.

మా అత్తగారు కామాక్షమ్మ పుట్టిల్లు మందస. పెళ్ళికి ముందు తండ్రితో మద్రాసు వెళ్ళినప్పుడు, అక్కడ పాటని ముల్లుతో గీతలు గీసి రికార్డులు కోసేచోట పనిచేసే బంధువొకాయన ఆవిడ చేత ఒక పాట పాడించి, మూరెడు వెడల్పున్న నల్లటి రికార్డు మీదికి ఎక్కించి చేతికిచ్చాడు. వాళ్ళమ్మగారు స్వయంగా కట్టిన పవళింపు పాట అది, రోజూ దేవుడి తలుపులు మూసేముందు పాడేది. రికార్డు మీద పూత మెత్తన, ఎక్కువసార్లు ఆడిస్తే అరిగిపోతుంది జాగ్రత్త అని కూడా చెప్పాడట. జాగ్రత్త దాకా ఎక్కడొచ్చింది? అంత పెద్ద రికార్డు ఏ ఇంటి గ్రామఫోనులోనూ పట్టలేదు. రెండేళ్ళకి మా ఆయన పుట్టాడు. ఆయన పాలు మానకముందే ఆవిడకి కంఠసర్పి వచ్చింది. ప్రాణం దక్కింది గానీ గొంతు పోయింది.

ఇప్పుడు ఆవిడ మాట్లాడితే గాలి తప్ప ఏమీ రాదు. మనం వంగి, చెవి ఆవిడ నోటి దగ్గర పెడితేనే మాట తెలుస్తుంది. నేను కోడలిగా వచ్చి నాలుగేళ్ళు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఆవిడ నన్ను పిలవగా నేను వినలేదు. పిలవాలంటే ఇత్తడి గ్లాసుతో నేలమీద కొడుతుంది. ఒకసారి ట్రంకుపెట్టె సర్దుతుంటే పట్టుగుడ్డలో చుట్టిన ఆ రికార్డు చూపించి, నా చెవిలో, "నా గొంతు ఎలా ఉండేదో నేనే మర్చిపోయానే. ఒక్కసారి వినాలనుంది," అంది. ఆ మాట మా ఆయనతో చెప్పింది నేనే. కాబట్టి ముగ్గు పోయినా, గోడ పోయినా నోరెత్తే హక్కు నాకు లేదు. అయినా ఎత్తాను, అది వేరే సంగతి.

మా ఇంట్లో ఉన్నది మామూలు రేడియో. దాని వెనక గ్రామఫోను తగిలించుకోవడానికి రెండు కన్నాలుంటాయి. సినిమా హాలు మిషన్ తీగలు అందులో గుచ్చి స్విచ్చు వేశారు. గుయ్యిమని ఒకటే మోత. గూట్లో ఉన్న గిన్నెలు కూడా అదిరాయి.

"ఎర్తు నేదు బావా, అందుకే," అన్నాడు నీలకంఠం. "తీగ తడి మట్టిలో పాతాల. అదిగో, తులసికోట ఉంది కదా."

"తులసికోటలో కరెంటు తీగ పాతుతావా? నీకు మతి ఉందా అన్నయ్యా? ఆ చెయ్యి అటు పెట్టావంటే మర్యాద దక్కదు, చెప్తున్నా!"

"ఉప్పునీళ్ళు పోసి నుయ్యి దగ్గర పాతుదాంలే బావా," అన్నాడు మా ఆయన భయపడి. నా ఉప్పుజాడీ సగం ఖాళీ అయ్యింది. మోత తగ్గింది.

ఈ గొడవంతా జరుగుతుండగానే అత్తయ్య పట్టుగుడ్డ విప్పి రికార్డు తెచ్చింది. పెదవులు కదిపింది. మా ఆయన చొక్కా పట్టుకు లాగింది. "ఉండమ్మా, కరెంటుతో పని. దూరంగా కూర్చో," అన్నాడాయన. ఆవిడ నా వైపు తిరిగి రికార్డు నడుమన కాగితం అంటించిన చోట వేలు పెట్టి చూపించింది. దుమ్ముందేమో అనుకుని నేను కొంగుతో అక్కడ శుభ్రంగా తుడిచి, "మీరు కుర్చీలో కూర్చోండి అత్తయ్యా, కాఫీ తెస్తాను," అన్నాను.

రికార్డు తిరిగింది. నీలకంఠం అన్ని రికార్డులకీ పెట్టినట్టే అంచు మీద ముల్లు పెట్టాడు.

"...వయ్యా," అంది రేడియో. వెంటనే కర్రుమని ముల్లు అంచు దాటి జారి పడిపోయింది.

ఒక ఆడపిల్ల గొంతు. ఒక్క మాట కూడా పూర్తిగా లేదు, అయినా గొంతే.

"అమ్మా! నీ గొంతే!" అని మా ఆయన గట్టిగా అరిచాడు. అత్తయ్య లేచి నిలబడి గబగబా ఏదో అంటోంది, చెయ్యి అడ్డంగా ఊపుతోంది. సంతోషంతో కంగారు పడుతోందనుకున్నాం.

"బల్ల వంకరగా ఉంది. అందుకే ముల్లు బయటికి జారిపోతంది," అని తేల్చేశాడు నీలకంఠం. ఇక చూసుకోండి. బల్ల కాలికింద అట్టముక్క. చాలలేదు. నా వంటింటి పీట. ఎక్కువైంది. పీట తీసి మా ఆయన ఆఫీసు పుస్తకం. గ్లాసుతో నీళ్ళు తెచ్చి పళ్ళెం మీద పెట్టి మట్టం చూడటం, ఆ నీళ్ళు మోటారు మీద ఒలికిపోవడం, నా కొత్త తువ్వాలుతో తుడవడం. రెండోసారి పెట్టారు. మళ్ళీ జారింది. మూడోసారీ అంతే.

"బరువు సాలడం నేదు," అని మైనంతో ఒక రూపాయి బిళ్ళ ముల్లు తల మీద అంటించాడు.

"అన్నయ్యా, పూత మెత్తనని చెప్పాను కదా?"

"నువ్వుండు సెల్లెమ్మా. పెళ్ళిళ్ళల్ల పదేళ్ళబట్టి ఆడిత్తన్నాను. నాకు తెల్దేటి?"

నాలుగోసారి అంచుకి కాస్త లోపలగా పెట్టి వేలితో నొక్కి పట్టాడు కూడా. కర్రుమంది, కర్రుమంది, ఇక గొంతన్నది రాలేదు. నల్లటి పూత సన్నటి వెంట్రుకల్లా లేచి ముల్లుకి చుట్టుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "తీసెయ్యండి! ఇద్దరూ ఇద్దరే! ఆవిడకున్నది అదొక్కటే. దాన్ని కూడా గోకి చంపుతారా? దద్దమ్మలు!" అని మొగుడన్న సంగతి కూడా మర్చిపోయి అరిచాను. "నువ్వే కదే తెమ్మన్నావు!" అని ఆయన. "నేల వంకరగా ఉంటే నన్నేటి సెయ్యమంటారు?" అని నీలకంఠం. ముగ్గురం ఒకేసారి అరుస్తున్నాం.

టంగ్. టంగ్. టంగ్.

అత్తయ్య నేలమీద కూర్చుని ఇత్తడి గ్లాసుతో కొడుతోంది. గ్లాసు సొట్టపోయేలా కొడుతోంది. కళ్ళనిండా నీళ్ళు, కోపం. నేను పరుగెత్తి చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టాను.

"పాట నడుమ నుంచి మొదలే. లోపల్నించి బయటికి. మద్రాసులో ఆయన రికార్డు కోసినప్పుడు చూశాను. ముల్లు అంచుకొచ్చేలోపల పాట ముగించాలని భయపడుతూ పాడాను."

"అయ్యో, ఈ మాట ముందే చెప్పకపోయారా అత్తయ్యా?"

"పొద్దుట్నించీ చెప్తన్నాను కదే."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వేలు పెట్టి మరీ చూపించింది, నేను తుడిచాను. ఆ మాట వాళ్ళిద్దరికీ చెప్పినప్పుడు నీలకంఠం రూపాయి బిళ్ళ పీకేశాడు, కొత్త ముల్లు బిగించాడు, కాగితం పక్కన నడుమన పెట్టాడు.

పాట వచ్చింది.

నేను సన్నటి, సిగ్గుపడే గొంతు వస్తుందనుకున్నాను. కాదు. నిండు గొంతు. దేవుణ్ణి పడుకోబెడుతున్నట్టు లేదు, పడుకోకపోతే ఊరుకోనని బెదిరిస్తున్నట్టుంది. ఈ గొంతే ఉండి ఉంటే ఈ నాలుగేళ్ళలో నన్నెన్ని తిట్లు తిట్టి ఉండేదో! ఆ తిట్లు పడలేదని నాకు ఏడుపొచ్చింది. అత్తయ్య మాత్రం నవ్వుతోంది. నన్ను దగ్గరికి లాక్కుని, "ఆ పాడే పిల్లకెంత పొగరో చూడవే," అంది చెవిలో.

ముల్లు మెల్లగా అంచు వైపు జరుగుతోంది. అక్కడేముందో మా ముగ్గురికీ తెలుసు. నీలకంఠం ముల్లుని చూడలేక గోడ వైపు తిరిగాడు, నేను వంటింటి గుమ్మం దాకా వెనక్కి వెళ్ళిపోయాను.

"తలుపు మూసితినయ్యా... తలగడ..."

కర్ర్. కర్ర్. కర్ర్.

మా ఆయన ముల్లు ఎత్తేశాడు. పాట చివర మేం పొద్దుట్నించీ గోకిన చోట ఉంది. ఇక ఎంత గొప్ప మిషన్ తెచ్చినా అది రాదు. "అమ్మా, తప్పయిపోయిందమ్మా," అని ఆయన మొదలుపెట్టాడు.

అత్తయ్య పెదవులు కదులుతున్నాయి.

"నోరు ముయ్యండి!" అన్నాను. "అన్నయ్యా, ఆ మోటారు ఆపు. రేడియో కూడా ఆపు."

నీలకంఠం గోడకున్న ప్లగ్గు పీకేశాడు. పళ్ళెం తిరిగి తిరిగి ఆగింది. రేడియో మోత పోయింది. ఎవరం కదలలేదు. అత్తయ్య కళ్ళు మూసుకుని, పాట ఎక్కడ తెగిందో అక్కడ అందుకుంది, ఉన్న గాలితోనే.

"తలగడ సర్దితినయ్యా... తెల్లారి రావయ్యా..."

నేను ఇంకా వంటింటి గుమ్మం దగ్గరే ఉన్నాను. ఆవిడకీ నాకూ మధ్య నాలుగు గజాల దూరం ఉంటుంది. ప్రతి మాటా వినిపించింది.