ముప్పై ఏడు దగ్గర ఆగిన వీడియో

ముప్పై ఏడు శాతం దగ్గర తెర నీలంగా మారి లాప్‌టాప్ ఆగిపోయింది. పొద్దున్నుంచి ఇది నాలుగోసారి. ఒకసారి పన్నెండు దగ్గర, ఒకసారి అరవై దగ్గర, ఒకసారైతే అసలు మొదలే కాలేదు. చంద్రిక గడియారం చూసింది. రెండు దాటింది.

హైదర్‌గూడలోని ప్రకటనల ఆఫీసువాళ్లు చీరల కొట్టు వీడియో ఒకటి ఎడిట్ చేసి పంపమన్నారు. సాయంత్రం అయిదింటిలోపు అందితేనే ఉద్యోగం మాట. ఎడిటింగ్ అయిపోయింది, ముక్కలన్నీ కలిపి ఒక్క ఫైలుగా బయటికి తీయడమే మిగిలింది. ఆ బరువు పాత ర్యామ్ ఒక్కటే మోయలేకపోతోందనే నిన్న నారాయణగూడలో ఎల్లేష్ దుకాణంలో రెండోది కొన్నది. తానే బిగించి ఇస్తానన్నాడు ఎల్లేష్. చంద్రిక వినలేదు. యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్న విద్యను సొంత చేత్తో చేసి చూడాలని ఉబలాటం. పొద్దున అశోక్‌నగర్ ఇంట్లో స్క్రూలు విప్పి, బిగించి, తెర మీద పదహారు జీబీ అని కనబడగానే అమ్మ పద్మను పిలిచి మరీ చూపించింది. గంటకల్లా తంటా మొదలైంది.

ఇక ఎల్లేష్ దుకాణానికి ఆటో ఎక్కింది. చిక్కడపల్లి దగ్గర బండ్లు ఇరుక్కుపోతే, జ్వరమొచ్చిన పిల్లను పట్టుకున్నట్టు లాప్‌టాప్‌ను ఒళ్లో అదిమిపట్టుకుని కూర్చుంది.

"నా సరుకు ఖరాబ్ ఉండదక్కా," అన్నాడు ఎల్లేష్, మూత విప్పకముందే.

పాత ర్యామ్ ఒక్కటే ఉంచాడు. బుద్ధిగా నడిచింది. అది తీసి కొత్తది పెట్టాడు. తెర వెలగలేదు. కొత్తదాన్ని రెండో గాడిలోకి మార్చబోతుంటే, ఇప్పుడు కూడా రాదు చూడమని చంద్రిక ముందే చెప్పేసింది. రాలేదు. ఆమెకు భయం పోయి, దొంగ ఏ సందులోకి దూరాడో తెలిసిపోయినంత హుషారు పుట్టింది.

"సీటు మార్చినా గొడవ చేసేది వీడేనక్కా," అని ఒప్పుకున్నాడు ఎల్లేష్. కానీ అలాంటిది ఇంకొకటి దుకాణంలో లేదట, సోమవారం వస్తుందట.

మూడున్నర. చంద్రిక ఆ కొత్త ర్యామ్ పట్టీని లాక్కుని దీపం కిందికి ఎత్తింది. అడుగున బంగారు రంగు పళ్లవరుసలో మూడు నాలుగింటి మీద ఎర్రటి మరక. ఎల్లేష్ గోటితో గీకాడు, వాసన చూశాడు.

"ఏందక్కా, దీనికి లగ్గం చేసిన్రా?"

చంద్రిక అమ్మకు ఫోన్ చేసింది. పద్మ దాచలేదు. పొద్దున్నే దేవుడి ముందు పెట్టి, తడి కుంకుమతో మూలన చిన్న చుక్క పెట్టిందట. బండికి, మిక్సీకి, ఆఖరికి గ్యాస్ పొయ్యికి పెట్టినట్టే.

"కొత్త వస్తువు ఇంట్లకొస్తే బొట్టు పెట్టకుంట ఎట్లుంటరే? నేనే చెడగొట్టిన్నా?"

అప్పుడు గుర్తొచ్చింది చంద్రికకు. ఇంకా తడిగానే ఉన్న ఆ చుక్క బిగించేముందు తన కంటబడింది. బొటనవేలితో ఒక్క తుడుపు తుడిచి, చూసుకోకుండా బిగించేసింది.

ఎల్లేష్ బిల్లు పుస్తకం పక్కనున్న రబ్బరు తీసుకుని, పెన్సిల్ రాత చెరిపినట్టు ఆ పళ్లను మెల్లగా రుద్దాడు. గాడిలో సన్నటి బ్రష్ ఆడించాడు. రెండు ర్యామ్‌లూ బిగించి బటన్ నొక్కాడు. వచ్చింది. వీడియో మొదలైంది. పన్నెండు. ఫోన్ పెట్టేయకుండా ఎంతయిందని అడుగుతూనే ఉంది పద్మ. ముప్పై ఏడు దగ్గర ఎల్లేష్ కూడా స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. ముప్పై ఎనిమిది. అరవై దాటేసరికి చార్జర్ కోసం వచ్చినాయన సైతం బేరం మానేసి తెరకేసి చూస్తున్నాడు.

నాలుగూ నలభైకి నూరు. అయిదుకు ఎనిమిది నిమిషాలుందనగా ఫైలు వెళ్లిపోయింది. వెనువెంటనే జవాబు: అందింది, రేపు పదకొండింటికి ఆఫీసుకు రండి.

చంద్రిక అది రెండుసార్లు చదివి వినిపించింది. అవతలి నుంచి పద్మ అడిగింది.

"బొట్టు మొత్తం తుడిచేసిండా?"

"మొత్తం. కానీ చెడగొట్టింది నువ్వు కాదమ్మా. నువ్వు మూలకే పెట్టినవ్, పళ్లకు పూసింది నేను."

"గట్లనా," అంది పద్మ, గొంతులో బరువు దిగిపోయి. "అయితే ఇంటికి తీస్కరా. ఈసారి మూత మీద పెడ్త."

మూత బిగిస్తున్న ఎల్లేష్ తలెత్తకుండానే అన్నాడు.

"ఈసారి బొట్టు ఎండినంకనే ముట్టక్కా."