మా నాన్న మెట్లు ఇవ్వనన్నాడు

మా సందుకి పెద్దని నేనే. సైగాన్‌లో కాలవ పక్కన, రెండు మోటారుసైకిళ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిన సందు అది. దాని పెద్దరికం ఎంతో మీరే ఊహించుకోండి. అయినా నా గుమ్మం మీద "సంస్కార కుటుంబం" అని ప్రభుత్వం ఇచ్చిన ఎర్ర ఫలకం ఉంది. రోజూ పొద్దున్నే దాన్ని తుడుస్తాను. ఇంట్లో ఇంకేదీ తుడవనని మా ఆవిడ ఏడుపు.

ఈ ఏడాది సందు వెడల్పు చేద్దామని వార్డు ఆఫీసు వాళ్లు అనుకున్నారు. ప్రతి ఇల్లూ ముందు ఒక మీటరు వదులుకోవాలి. అందరినీ ఒప్పించే పని నాది. మైకు పట్టుకుని ఇంటింటికీ తిరిగాను.

"దేశం ముందుకు పోవాలంటే మన గోడలు వెనక్కి పోవాలి!"

ఈ మాట నాకే తెగ నచ్చి, ప్రతి గుమ్మం దగ్గరా రెండేసిసార్లు చెప్పాను. అందరూ తలూపారు, ఒక్క థోవా తప్ప. భర్త పోయాక ఇంటి ముందే పొయ్యి పెట్టుకుని నూకలన్నం అమ్ముకుంటోంది ఆవిడ. మలుపులో ఆమె ఇల్లూ మా ఇల్లూ ఎదురెదురు.

"ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి," అన్నాను, అదీ మైకులోనే.

"అన్నా, ముందు ఆ గొట్టం దించు," అంది థోవా గరిటె ఊపుతూ. "నీ గ్రానైట్ మెట్లు ఎప్పుడు పగలగొడతావ్? నువ్వు పగలగొట్టిన మర్నాడే నా పొయ్యి లోపలికి పోతుంది."

అక్కడ వచ్చింది చిక్కు. ఆ మెట్లు నిరుడే వేయించాను. నిజం చెప్పొద్దూ, దేశం మీద నాకున్న ప్రేమ సరిగ్గా వాటి దాకా వచ్చి ఆగిపోయింది.

"మా నాన్నని అడగాలి," అన్నాను.

నాన్న పోయి పదేళ్లయింది. ఏటా ఆయన వర్ధంతికి సందంతా మా ఇంట్లోనే భోంచేస్తుంది. ఈసారి భోజనాల మధ్యలో లేచి, నాన్న పటం ముందు అగరొత్తులు వెలిగించి, పళ్లెంలో రెండు నాణేలు పెట్టుకున్నాను. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే పెద్దలు ఔనన్నట్టు. రెండూ ఒకేలా పడితే కాదన్నట్టు.

"నాన్నా, మెట్లు అలాగే ఉండాలనేనా నీ కోరిక?"

రెండూ బొమ్మలే పడ్డాయి. మళ్లీ వేశాను. రెండూ బొరుసులే. మూడోసారి కూడా అడగొచ్చని ఆచారం ఒప్పుకుంటుంది కదా, అడిగాను. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు!

"చూశారుగా! నాన్న మెట్లు ఇవ్వనన్నాడు. కన్నతండ్రి మాట కాదంటే నా ఇంటికి ఈ ఫలకమెందుకు?" గొంతులో కాస్త జీర కూడా తెప్పించుకున్నాను.

థోవా అన్నం తింటున్న పుల్లలు కింద పెట్టింది. "అయితే నేనూ మా ఆయన్ని అడుగుతా."

ఆమె వెనకే మిగతావాళ్లూ లేచారు. సాయంత్రానికి మా సందులో పోయినవాళ్లు ఒక్కరంటే ఒక్కరు కూడా జాగా ఇవ్వడానికి ఒప్పుకోలేదు.

మర్నాడు వార్డు ఆఫీసుకి వెళ్లి, "బతికున్నవాళ్లంతా సరేనన్నారండి, చచ్చినవాళ్లే మొండికేస్తున్నారు," అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆఫీసరు నన్ను ఎగాదిగా చూసి, ఇంటికెళ్లి పడుకోమన్నాడు.

తిరిగొచ్చేసరికి అమ్మ మెట్ల మీద కూర్చునుంది. ఎనభై దాటిన మనిషి.

"ఒరేయ్ క్వీ, మీ నాన్న నిజంగా అలా అన్నాడా?"

"నాణేలు చెప్పాయి కదమ్మా."

"రెండుసార్లు కాదన్నాయి, నేను చూశాన్రా. నలుగురిలో నీ పరువు తీయడమెందుకని నోరు మూసుకున్నా." కాసేపు మెట్టుని చేత్తో నిమిరింది. "ఆయన్ని తీసుకెళ్లిన రోజు గుర్తుందా? అప్పుడు మన అరుగే అడ్డం. దాని మీదే నువ్వు ఈ రాయి వేయించావు. శవపేటిక మలుపు తిరక్క నిలువునా లేపారు. పేటిక మీద పెట్టిన గ్లాసులో చుక్క నీళ్లు ఒలక్కుండా సాగనంపాల్సిన మనిషిని, నిచ్చెనని ఎత్తినట్టు ఎత్తారు. నీళ్లన్నీ నేలపాలు. నేను మాత్రం పడుకునే పోవాలిరా. నాకింకేం అక్కర్లేదు."

సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటికప్పుడు థోవా ఇంటికెళ్లి సుత్తి అడిగాను. మా ఇంట్లో మైకు తప్ప పనిముట్లేవీ లేవు. మొదటి దెబ్బ నా కాలి బొటనవేలి మీదే పడింది. రెండో దెబ్బకి రాయి విరిగింది. సందంతా బయటికొచ్చి చూసింది.

నేనింకా ఆయాసపడుతుంటే థోవా పొయ్యి లోపలికి జరుపుకోవడం మొదలుపెట్టింది. "మా ఆయన మనసు మార్చుకున్నాళ్లే," అంది. ఆ వారంలోనే అందరి పెద్దలూ ఒక్కొక్కరే మెత్తబడ్డారు.

సందుకి సిమెంటు వేయడం పూర్తయిన రోజు అమ్మ మడతమంచం తెప్పించింది. "నన్ను పడుకోబెట్టి మోయండి. ఓసారి చూసుకుంటా."

"అవేం అపశకునం మాటలమ్మా!"

"నీ శకునాలు చూశాంలే. ఎత్తు."

తలవైపు నేను, కాళ్లవైపు థోవా పట్టుకున్నాం. మలుపులో మంచం ఎక్కడా తగలకుండా తిరిగింది. అమ్మ కళ్లు తెరిచి, ఒకప్పుడు అరుగున్న చోటికి చెయ్యి చాపింది. చేతికేమీ తగల్లేదు.

"ఇక్కడేగా ఆయన్ని నిలబెట్టింది," అంది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నడిసందులో, అందరూ చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడ్చాను.

"ఏడిస్తే ఏడిచావుగానీ, నీ వైపు ఎత్తి పట్టుకో," అంది అమ్మ. "తల కిందికి పోతోంది."